మంచి చెయ్యి ముందు

నాకు మొహాలు గుర్తుండవు. గొప్ప కోసం చెప్పడం లేదు, దీనివల్ల నేను తిన్న చీవాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇరవై రెండేళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. తలుపు తోసుకుని మనిషి లోపలికొస్తుంటే నా చూపు తిన్నగా నడుముకి పోతుంది, అక్కణ్ణుంచి మోకాళ్ళకి దిగుతుంది, మళ్ళీ భుజాలకి ఎక్కుతుంది. మొహం దాకా వచ్చేసరికి ఆ మనిషి కుర్చీలో కూర్చుని తన బాధ సగం చెప్పేసి ఉంటాడు. మా అత్తగారు చుట్టాల ముందు నన్ను పరిచయం చేసే పద్ధతే వేరు. "మా కోడలు మంచిదే. కాకపోతే మనిషి మొహం చూసి మాట్లాడదు, మోకాళ్ళు చూసి మాట్లాడుతుంది" అంటుంది. ఒకసారి బజార్లో మా ఆయన సొంత అక్క ఎదురుపడితే గుర్తుపట్టక పక్కనుంచి వెళ్ళిపోయాను. ఆవిడ ఒళ్ళు మండి విసవిసా నడిచిపోతుంటే, అడుగడుక్కీ ఎడమ తుంటి కొంచెం కిందికి జారడం చూసి, "వదినా!" అని వెనకాల పరిగెత్తాను. ఎలా గుర్తుపట్టానో కూడా నిజాయితీగా చెప్పాను. ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

నేను పనిచేసేది బస్సుల డిపోకి ఆనుకుని ఉన్న ఆసుపత్రిలో. వరండా చివర, ఎక్స్‌రే గది దాటాక నా గది. రెండు మంచాలు, ఒక నిలువుటద్దం, గోడకి బిగించిన చెక్క నిచ్చెన, బల్ల మీద రంగురంగుల రబ్బరు పట్టీలు. వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది డ్రైవర్లూ కండక్టర్లూ మెకానిక్కులే. నా చేతిలో ఎప్పుడూ కోణాలు కొలిచే ప్లాస్టిక్ స్కేలు ఉంటుంది కాబట్టి డిపోలో నన్ను కోణాల మేడం అంటారు. నాకు తెలీకుండా అంటున్నామనుకుంటారు. వరండాలో గుసగుసలాడినా నా గదిలోకి వినపడుతుందని వాళ్ళకి తెలీదు.

పరీక్ష చేసే పద్ధతిలో మాత్రం నేను మొండిదాన్ని. ముందు చూడాలి, తర్వాత అడగాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. ముట్టుకునేటప్పుడు బాగున్న పక్క ముందు, బాధున్న పక్క తర్వాత. ఎవరి కొలత వాళ్ళ ఒంట్లోనే ఉంటుంది మరి. మంచి చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూస్తేనే రెండోది ఎంతవరకు లేవాలో తెలుస్తుంది. అందుకని నొప్పి కుడి భుజంలో అయితే నా చేతులు ముందు ఎడమ భుజం మీద పడతాయి. "మేడం, అది కాదు, ఇది" అని ప్రతివాళ్ళూ నాకు దారి చూపిస్తారు. "నాకు తెలుసు, కాసేపు నోరు మూసుకోండి" అని నేనంటాను. రోజుకి ఇరవై సార్లు అంటాను.

ఇక ఈ గొడవకి మూలమైన మనిషి పన్నెండో నంబరు డ్రైవరు. పంతొమ్మిదేళ్ళు ఒకే రూటు మీద పన్నెండో నంబరు బస్సు నడిపాడు కాబట్టి డిపోలో ఆయన్ని అందరూ పన్నెండో నంబరాయన అనే అంటారు. యాభై ఒక్క ఏళ్ళు, గుబురు మీసం. మీసం సంగతి నాకు తర్వాత చెప్పారు. నేను చూసింది కుడి భుజం.

ఆయన మొదటిసారి వచ్చేసరికే సెలవులో నలభై రోజులైపోయాయి. పక్కన భార్య. నేను ఆయన్ని అడుగుతుంటే ఆవిడ చెప్పేది.

"నొప్పి పదికి ఎంత ఉంటుంది?"

"రెండుంటుంది మేడం" అన్నాడాయన.

"పదకొండు" అందావిడ.

"నిద్ర పడుతోందా?"

"సుఖంగా పడుతోంది మేడం."

"ఆయనకి పడితే నాకు పట్టదా? రాత్రంతా మంచం మీద తిరగలి తిప్పినట్టు తిరుగుతూనే ఉంటాడు. చొక్కా గుండీలు నేను పెట్టాలి, తల నేను దువ్వాలి. పాతికేళ్ళ కాపురంలో ఇంత సేవ చేయించుకోలేదు."

చొక్కా విప్పించాను. కుడి ముంజేయి కిటికీ ఎండకి ఎడమదానికన్నా రెండు రంగులు నల్లబడి ఉంది. కుడి కాలర్ బోన్ మీద ఎప్పుడో విరిగి అతుక్కున్న బొడిపె, రేగిపండంత. ఎడమ చెయ్యి ఎత్తిస్తే చెవి పక్కకి హాయిగా వెళ్ళింది, నూట డెబ్భై ఐదు డిగ్రీలు. కుడి చెయ్యి ఎనభై ఐదు దగ్గర ఆగిపోయింది. అక్కడ ఆయన తెలివి చూపించాడు. భుజం మొత్తం చెవి దాకా ఎగేసి, నడుము వెనక్కి వంచి, "ఇదిగో మేడం, లేచింది" అన్నాడు. ఇలాంటివి నేను చాలా చూశాను. మోచెయ్యి నడుముకి ఆనించి, ముంజేతిని తలుపు తీసినట్టు బయటికి తిప్పమన్నాను. ఆ పరీక్షలో ఎంత పెద్ద మోసగాడైనా ఏమీ చెయ్యలేడు. తలుపు పది డిగ్రీలు తెరుచుకుని ఆగిపోయింది. భుజం పట్టేసింది. మామూలుగా ఏడాది పడుతుంది, ఒక్కోసారి రెండేళ్ళు, కానీ దానంతటదే వదులుతుంది, సాయం చేస్తే ఇంకా తొందరగా వదులుతుంది.

"ఏడాదా?" అన్నాడాయన. మొహంలో నెత్తురు చుక్క లేదని నాకు కూడా కనిపించింది.

మా డిపోలో రూలొకటుంది. డ్రైవరు తొంభై రోజుల్లో ఫిట్ కాకపోతే తేలిక పనికి మార్చేస్తారు. తేలిక పనంటే గేటు. మారిస్తే మార్చినట్టే, మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోవడం ఉండదు. ఫిట్టా కాదా అని రాసే కాగితం నా గదిలోంచి పోతుంది. డాక్టరుగారు తలెత్తకుండా సంతకం పెడతారు. కాబట్టి ఆయన బండి ఆయనకి తిరిగొస్తుందా రాదా అన్నది నా స్కేలు మీద ఆధారపడి ఉందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో చెయ్యాల్సిన వ్యాయామాలు నేర్పించి, వారానికి రెండుసార్లు రమ్మని చెప్పి పంపించాను.

ఆ తర్వాత మనిషి అజాపజా లేడు. ఎవరో నూనె రాసి రుద్దితే వారంలో తగ్గిస్తారని విని అక్కడికి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

ఎనభై ఎనిమిదో రోజు పొద్దున్నే, ఆఖరి పరీక్షకి వచ్చారు. ముందు భార్య, తల దించుకుని. వెనకాల గుబురు మీసం.

"నమస్కారం మేడం" అన్నాడు. అడుగులు బారుగా, హుషారుగా పడ్డాయి. నాకు ముచ్చటేసింది.

"ఎలా ఉంది?"

"పూర్తిగా తగ్గిపోయింది మేడం. మీ చలవే."

"నేను చెప్పినవి చేశారా?"

"పూటకి రెండుసార్లు మేడం. ఒక్కోసారి మూడు."

నా బలహీనత ఇక్కడ ఒప్పుకోవాలి. చెప్పిన వ్యాయామం ఎవరైనా ఇంట్లో చేశామంటే నేను వెన్నలా కరిగిపోతాను. ఇరవై రెండేళ్ళలో అలా చేసినవాళ్ళు నా వేళ్ళకి మించి లేరు. కుర్చీ లాగి కూర్చోమన్నాను. మంచినీళ్ళు కూడా ఇచ్చాను. "చొక్కా తియ్యండి" అంటే గుండీలు విప్పకుండా రెండు చేతులూ పైకెత్తి తలమీదుగా లాగేశాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. ఆనందంలో ఉన్నాను.

అలవాటు ప్రకారం ఎడమ చెయ్యి పట్టుకుని మెల్లగా పైకెత్తాను. భుజం ఎత్తు దాటిందో లేదో, మనిషి కళ్ళు గట్టిగా మూసుకుని "అబ్బా!" అన్నాడు. నేను ఆగాను. ఆయన పళ్ళు బిగించి, "పర్లేదు మేడం, కానివ్వండి... ఆ... ఆ... అదిగో, వెళ్ళిపోయింది! చూశారా?" అని, యుద్ధం గెలిచినట్టు నా వంక చూశాడు.

నేను కాగితం వంక చూశాను. ఎడమ భుజం, నూట డెబ్భై ఐదు, నొప్పి లేదు అని నా చేతిరాతతోనే ఉంది.

సరే, కుడి చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోవడం ఆలస్యం, నా చేతిలోంచి జారిపోయి ఫ్యాను రెక్కలా పైకి లేచి చెవికి ఆనుకుంది. నూట ఎనభై. అబ్బా లేదు, అమ్మా లేదు. కుడి చెయ్యిని ఆయన పట్టించుకోను కూడా లేదు. నటించాల్సిన చెయ్యి అయిపోయిందన్న ధీమాతో కూర్చున్నాడు.

మొదటి రోజు నేనే కుడీ ఎడమా తారుమారు చేసి రాసి ఉంటానా? ఇన్నేళ్ళలో ఎన్నడూ జరగని పని. బాగున్న చేతికి వ్యాయామాలు చెప్పి, బాధున్న చెయ్యిని వదిలేశానా? పాపం, ఈయన మారు మాట్లాడకుండా పూటకి రెండుసార్లు చేశాడే! నా స్కేలు మీద కూడా నాకు నమ్మకం పోయింది. తీసుకెళ్ళి బల్ల మూలకి పెట్టి కొలిచాను. తొంభై చూపించింది. బల్లకేం రోగం లేదు. ఇటు చూస్తే ఆయన భార్య పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వణుకుతోంది. నా తప్పు ఆవిడకి కూడా తెలిసిపోయి ఏడుస్తోందనుకున్నాను.

"ఒకసారి నుంచోండి" అని వెనక్కి వెళ్ళి భుజాలు రెండూ తడిమాను. కుడి కాలర్ బోన్ మీద వేలు పెట్టి ఒక కొన నుంచి రెండో కొన దాకా జరిపాను. సాఫుగా ఉంది. మళ్ళీ జరిపాను. బొడిపె లేదు. నూనె రాసి రుద్దితే ఒళ్ళు కరుగుతుందేమో గానీ ఎముక కరగదు. ముంజేతులు పక్కపక్కన పెట్టి చూశాను, రెండూ ఒకే రంగు. మోచేతి వెంట్రుకల మీద తెల్లటి పెయింటు చుక్కలు.

నాకు ప్రాణం లేచొచ్చింది. నా కాగితం తప్పు కాదు, మనిషే తప్పు. ఆ సంతోషంలో రెండు నిమిషాలు కోపం కూడా రాలేదు. తర్వాత వచ్చింది, బాగానే వచ్చింది.

ఉత్తినే వదిలెయ్యదల్చుకోలేదు.

"చాలా బాగుంది. ఇంకొన్ని పరీక్షలున్నాయి" అన్నాను. "ఒంటికాలి మీద నుంచోండి. కళ్ళు మూసుకోండి. మూసుకునే ఉండండి." ఊగిపోతూ అద్దం పట్టుకున్నాడు. "రెండో కాలు." అద్దం మళ్ళీ పట్టుకున్నాడు. "ఇప్పుడు గొంతుక్కూర్చోండి." కూర్చుంటుంటే మోకాళ్ళు పటపటమని ఎండు పుల్లలు విరిచినట్టు మోగాయి. "అలాగే ఉండండి. ఇరవై లెక్కపెడతాను." నేను లెక్క తాపీగా పెడతాను. పన్నెండు దగ్గరికొచ్చేసరికి మీసం వణకడం మొదలుపెట్టింది.

"ఈ మోకాళ్ళు ఎప్పణ్ణుంచి ఇలా మోగుతున్నాయి?"

"రోజంతా నిచ్చెన ఎక్కి దిగుతుంటాను కద మేడం..."

"డ్రైవరుకి నిచ్చెన దేనికి?"

"అదే... బస్సు... టాపు..." నీళ్ళు నమిలాడు.

"పదమూడు" అన్నాను. "ఇంట్లో చొక్కా గుండీలు మీ ఆవిడే పెట్టేదన్నారు. ఇప్పుడు కూడా ఆవిడే పెడుతోందా?"

"ఛ, మా అక్కెందుకు పెడుతుంది మేడం, నేనే..."

మాట అక్కడ ఆగింది. అక్క నెత్తి కొట్టుకుంది.

"లేవరా చచ్చినోడా" అంది. "ఇక చాలు."

వాడు లేవలేకపోయాడు. నేనే చంకలో చెయ్యి వేసి లేపాను. ఆవిడ నోటికి అడ్డం పెట్టుకున్న చెంగు తీసేసింది. ఏడుపు కాదు, పొద్దుణ్ణుంచి ఆపుకున్న నవ్వు. నవ్వుతూనే తిట్టడం మొదలుపెట్టింది, తిడుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నేను మొత్తుకుంటూనే ఉన్నాను మేడం. బావా బావమరిది ఒక్కటైతే నా మాటెవరు వింటారు? వీడు నా తమ్ముడు, గోడలకి రంగులేస్తాడు. 'ఆవిడకి మొహాలు గుర్తుండవంట బావా, డిపో అంతా చెప్పుకుంటారు. మీసం ఒకటుంటే చాలు, నేనెళ్ళొస్తా' అన్నాడు. ఈయన తలూపాడు. ఆవిడ చెయ్యి ఎత్తుతుంది, ఎత్తగానే కాస్త నొప్పి చూపించు, మరీ సుఖంగా ఉంటే నమ్మదు అని ఈయనే నేర్పించి పంపాడు. ముందు మంచి చెయ్యి ఎత్తుతారని చెప్పడం మర్చిపోయాడు!"

"మర్చిపోలేదక్కా" అన్నాడు తమ్ముడు మోకాళ్ళు రుద్దుకుంటూ. "బావ చెప్పాడు. నేనే కంగారులో..."

మొహాలు గుర్తుండవన్న మాట నాకు సూటిగా గుచ్చుకుంది. నా లోపాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని పనికొచ్చే వస్తువులా వాడుకున్నారు.

"మీ ఆయనెక్కడ?"

"యార్డులో, తన బస్సులోనే కూర్చున్నాడు మేడం. గుండె దడగా ఉందంట."

ముగ్గురం బయల్దేరాం. యార్డులో మరమ్మతుకొచ్చిన బళ్ళ వరసలో పన్నెండో నంబరు బస్సు ఉంది. ముందు చక్రాలు రెండూ విప్పేసి, ఇనుప దిమ్మల మీద నిలబెట్టారు. డ్రైవరు సీట్లో మనిషి కూర్చుని ఉన్నాడు, ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద, కుడి చెయ్యి ఒళ్ళో. చొక్కా పై గుండీ విప్పి ఉంది. కాలర్ బోన్ మీద బొడిపె నాకు దూరం నుంచే కనిపించింది.

నన్ను చూసి దిగబోయాడు. "కూర్చోండి" అన్నాను. ఆ తర్వాత ఏమేం అన్నానో రాయను. యార్డులో ఇద్దరు మెకానిక్కులు పని ఆపి విన్నారు. ఆయన అంతా విని, "తప్పు నాదే మేడం, వాణ్ణేమీ అనకండి" అన్నాడు. "ఏడాది సెలవడిగితే ఎవరిస్తారు? నూనె రాసే ఆయన మాట నమ్మి నెల పోగొట్టుకున్నాను. ఇంకో రెండు రోజుల్లో నన్ను గేట్లో కూర్చోబెడతారు. వచ్చే పోయే బళ్ళ నంబర్లు రాసుకుంటూ రిటైరయ్యేదాకా అక్కడే కూర్చోవాలి. నాకు బండి తప్ప ఏం వచ్చు మేడం? బండి నడపగలను. ఈ చేత్తోనే నడపగలను. మీరు గదిలో కొలుస్తారు, రోడ్డు మీద కొలవరు."

ఈ మాట నాకు నచ్చింది. అందులో న్యాయముంది. మంచం మీద భుజం వేరు, పనిలో భుజం వేరు.

"సరే, ఇక్కడే కొలుస్తాను" అని ఎక్కి ఆయన వెనక సీట్లో కూర్చున్నాను. చక్రాలు లేవు కాబట్టి ఎవరికీ ప్రమాదం లేదు. అక్కా తమ్ముడూ కూడా ఎక్కారు. తమ్ముడు అలవాటు కొద్దీ కిటికీ పక్క సీటు వెతుక్కున్నాడు.

"డిపో దాటాం" అన్నాను. "కుడికి తిప్పండి."

కుడికి తిప్పాడు. బాగానే తిరిగింది.

"ఎదురుగా స్కూటరు వాడు. నెమ్మది. ఇప్పుడు కొంచెం ఎడమకి."

కొంచెం ఎడమకీ తిరిగింది. ఆయన మొహం వికసించింది. మనిషి నిజంగానే రోడ్డు చూస్తున్నాడు, పక్క అద్దాలు చూస్తున్నాడు, పెదాలతో హారను చప్పుడు చేస్తున్నాడు.

"బావా, ఆసుపత్రి స్టాపులో ఆపు, నేను దిగాలి" అన్నాడు బావమరిది.

"నోర్ముయ్యి, టికెట్టు తీసుకోలేదు నువ్వు" అంది అక్క.

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే, "ముందు ఎడమ వైపు పెద్ద మలుపు" అన్నాను. "తిప్పుతున్నారు. అడ్డంగా చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చింది. మొత్తం తిప్పేయండి, మొత్తం!"

ఆయన తిప్పాడు. కుడి చెయ్యి స్టీరింగ్‌తోపాటు పైకి లేచి, సగం దారిలో ఆగిపోయింది. చెయ్యి ఆగింది కాబట్టి ఒళ్ళంతా పక్కకి వాలింది, గెడ్డం వెళ్ళి స్టీరింగ్‌కి తగిలింది, ఎడమ చెయ్యి పట్టు తప్పింది. స్టీరింగ్ దానంతటది వెనక్కి తిరిగిపోయింది. ఆయన మళ్ళీ పట్టుకుని తిప్పాడు. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి తిప్పలేదు.

బావమరిది కిటికీలోంచి బయటికి చూశాడు. భార్య పమిట చెంగు సర్దుకుంది.

ఆయన చాలాసేపు ఎదురద్దంలోంచి ఖాళీ నేల వంకే చూశాడు. అక్కడ నేను చెప్పిన పిల్ల తప్ప ఇంకేమీ లేదు.

"అన్‌ఫిట్ అని రాసెయ్యండి మేడం" అన్నాడు. "ఈ చేత్తో నేను వెనకాల యాభై మందిని కూర్చోబెట్టుకోకూడదు."

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఇన్నేళ్ళలో ఎన్నో కాగితాల మీద ఆ మాట రాశాను, వందసార్లు వాదించి రాశాను, ఏడిపించి రాశాను. ఎవరూ తమంతట తాము చెప్పి నాతో రాయించలేదు. ఆ మనిషి మీద నాకు అప్పుడు పుట్టిన గౌరవం చిన్నది కాదు. ఆ గౌరవంతోనే దిగులు కూడా వచ్చింది, ఎందుకంటే కాగితం మీద రెండే గడులు, ఫిట్, అన్‌ఫిట్. మంచివాడు అని రాయడానికి గడి లేదు.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర ఆగాల్సొచ్చింది. ఒక బస్సు బయటికి పోతోంది. గేటు కాపలా పెద్దాయన లేచి, అడ్డకర్ర ఎత్తడానికి తాడు లాగాడు. ఆ కర్రకి వెనకవైపు ఉండాల్సిన బరువు ఎప్పుడో ఊడిపోయిందట, అందుకని స్తంభం పైన గిలక బిగించి, దానిమీదుగా తాడు వేశారు. తాడు కిందికి లాగితే కర్ర పైకి లేస్తుంది. బస్సు పోయాక తాడు మెల్లగా వదిలితే కర్ర బరువుకి తాడు పైకి పోతుంది, తాడు పట్టుకున్న చెయ్యి కూడా దాంతోపాటు తల పైదాకా పోతుంది.

నేను అక్కడే నిలబడిపోయాను. భుజం పట్టేసినవాళ్ళకి మేం చేయించేది సరిగ్గా ఇదే. పైన గిలక, గిలక మీద తాడు. నా గదిలో ఒకటి ఉండేది. తాడు తెగి రెండేళ్ళైంది, కొత్తది కావాలని నాలుగు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు.

"రోజుకి ఎన్ని బళ్ళు పోతాయి?" అని పెద్దాయన్ని అడిగాను.

"రానూ పోనూ రెండొందల పైనే మేడం. చేతులు పడిపోతున్నాయి."

గదికొచ్చి, ఆ కాగితం వెనక్కి తిప్పి చదివాను. ఈ ఆసుపత్రికొచ్చిన దగ్గర్నుంచి, పద్నాలుగేళ్ళుగా, ముందువైపు నింపుతున్నాను గానీ వెనకవైపు ఏముందో ఎప్పుడూ చూడలేదు. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంది: చికిత్సలో భాగంగా ఏదైనా పని చేయించదలిస్తే ఇక్కడ రాయాలి, ఆ కాలం తొంభై రోజుల లెక్కలోకి రాదు. ఆ ఖాళీలో రాశాను. కుడి భుజానికి గిలక తాడు వ్యాయామం, రోజుకి రెండు వందల సార్లు, స్థలం డిపో గేటు, రెండు వారాలకొకసారి కొలత, ఫిట్ అయ్యేవరకు.

డాక్టరుగారు సంతకం పెట్టబోయి ఆగారు. నేను చూస్తుండగా ఆయన మొదటిసారి తలెత్తారు.

"గేటు... మందా?"

"అవును సార్. రోజుకి రెండు వందల డోసులు."

"మందు పడకపోతే?"

"నేనున్నాను కదా సార్."

ఆయన మళ్ళీ తల దించుకున్నారు. సంతకం పెట్టారు.

పన్నెండో నంబరాయన మాత్రం కాగితం చదివి ఒంటికాలి మీద లేచాడు. "గేట్లో కూర్చోకూడదనే కదా మేడం ఇంత గలాటా చేసింది! మళ్ళీ అక్కడికే పంపుతారా?"

"కూర్చోమని ఎవరన్నారు? నుంచోండి" అన్నాను. "కుర్చీ కనపడితే విరగ్గొట్టిస్తాను. ఇది బదిలీ కాదు, వైద్యం. ఈసారి నూనె దగ్గరికి పోయారో, మీ బావమరిదిని గొంతుక్కూర్చోబెట్టినట్టు మిమ్మల్నీ రోజూ కూర్చోబెడతాను."

బావమరిది ఆ మాట వినగానే తలుపు వైపు జరిగాడు. వాణ్ణి ఆపి, సొంత మోకాళ్ళకి సొంత పేరుతో కాగితం రాయించుకోమన్నాను.

సోమవారం పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన కుర్చీలో కూర్చుని పుస్తకంలో నంబర్లు రాస్తున్నాడు, ఎన్నాళ్ళకో చేతులకి విశ్రాంతి దొరికిన ఆనందం. పన్నెండో నంబరాయన తాడు దగ్గర నిలబడ్డాడు. భార్య రోడ్డవతల నిలబడి చూస్తోంది, చూడనట్టు. లాగడం ముఖ్యం కాదు, తాడు పైకి పోయేటప్పుడు వదలకుండా దాంతోపాటు చెయ్యిని పోనివ్వడం ముఖ్యమని చెప్పాను. అక్కడే ఆయన మోసం మొదలుపెట్టాడు. చెయ్యి భుజం ఎత్తుకి రాగానే నొప్పికి తాడు వదిలేసేవాడు, కర్ర దబ్బున పడేది. పోయే డ్రైవర్లంతా తెలిసినవాళ్ళే. ఏం గురూ, ఎలా ఉంది అని కిటికీలోంచి అడుగుతుంటే తల దించుకుని, "వైద్యం" అనేవాడు. ఇరవై బళ్ళు అలాగే పోయాయి. నేను అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాను.

ఇరవై ఒకటోది పన్నెండో నంబరు. చక్రాలు తిరిగొచ్చాయి, కడిగి తుడిచారు, స్టీరింగ్ వెనకాల వేరే కుర్రాడు. ఆయన తల దించుకోలేదు. రెండు చేతులతో తాడు లాగి కర్ర పూర్తిగా లేపాడు. బస్సు ఆయన పక్కనుంచి నెమ్మదిగా బయటికొచ్చి, రోడ్డు మీదికి మలుపు తిరిగింది. ఆ మలుపు కుర్రాడు ఎలా తీశాడో ఆయన చివరిదాకా చూశాడు. చూస్తూ, తాడు తన చేతిలో ఉన్న సంగతి మర్చిపోయాడు. కర్ర దిగుతుంటే తాడు ఆయన కుడి చెయ్యిని పైకి లాక్కెళ్ళింది. భుజం దాటింది, చెవి దాటింది. ఆయన వదల్లేదు.

దారిన పోయేవాళ్ళు చూస్తే, పోతున్న బస్సుకి ఎవరో చెయ్యెత్తి వీడ్కోలు చెప్తున్నారనుకుంటారు. నా స్కేలు జేబులోనే ఉండిపోయింది. నేను కొలవలేదు. నాకు ఆ పూట భుజం కనపడలేదు. ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను.